చిలుక కొరికే ముందు

తెలుగులో కాకి పొడుస్తుంది, కోడి పొడుస్తుంది, చిలుక మాత్రం కొరుకుతుంది. పళ్లున్న జంతువుకు వాడే క్రియను పెద్దవాళ్లు ఈ ఒక్క పక్షికి వాడారంటే, జామచెట్టు కింద నిలబడి దాని ముక్కు పనితనాన్ని వాళ్లు బాగానే గమనించి ఉండాలి. చిలుక పై ముక్కు నుదుటి దగ్గర మడతబందుకు బిగించిన తలుపులా పుర్రె నుంచి విడిగా పైకీ కిందికీ కదులుతుంది, కింది దవడను మూసే కండరాలు బలిష్ఠంగా ఉంటాయి. గట్టి గింజను ఒడుపుగా తిప్పి పెంకు మాత్రమే పగలగొట్టగలగడం ఈ ఏర్పాటు వల్లే సాధ్యమవుతుంది.

ఈ ముక్కే చిలుకకు చేయి కూడా. నిటారుగా ఉన్న గోడను ఎక్కేటప్పుడు లవ్‌బర్డ్స్ అనే చిన్న చిలుకలు ముక్కును మూడో కాలులా వాడుకుంటాయనీ, అది మోసే బలం కాళ్లు మోసే బలానికి తీసిపోదనీ అమెరికా పరిశోధకులు 2022లో కొలిచి చూపించారు. ముక్కు కొన దగ్గర స్పర్శను పసిగట్టే నాడీ గ్రాహకాలు కూడా ఉంటాయి. అందువల్ల చేతిమీద ముక్కు ఆనిన ప్రతిసారీ అది కాటు అనుకోనక్కరలేదు. పిల్ల చిలుక కనిపించినదాన్నల్లా నోటితో తడిమి చూస్తుంది. పెద్ద చిలుక మన వేలి మీదికి ఎక్కే ముందు ఆ కొమ్మ తన బరువు మోస్తుందో లేదో ముక్కుతో పట్టి చూసుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో మనిషి భయపడి చేయి లాగేసుకుంటే పక్షి తూలిపోతుంది, మరుసటిసారి అదే వేలిని మరింత గట్టిగా పట్టుకుంటుంది. చాలా ఇళ్లలో కొరుకుడు కథ ఇక్కడే మొదలవుతుంది.

నిజమైన కాటు చెప్పాపెట్టకుండా రావడం అరుదు. ఆఫ్రికన్ గ్రే చిలుకలోనూ అమెజాన్ చిలుకలోనూ కంటిపాపలు ఒక్కసారిగా చిన్నవై, పెద్దవై, మళ్లీ చిన్నవవుతాయి; మెడ వెనుక ఈకలు నిక్కబొడుచుకుంటాయి, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది, అంతవరకు అటూ ఇటూ కదిలిన ఒళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. సన్ కాన్యూర్ వంటి ముదురు కళ్ల జాతుల్లో కంటిపాప కదలిక అంతగా తెలియదు కాబట్టి ఒంటి బిగువునే చూసుకోవాలి. ఇదంతా రెండు మూడు క్షణాల వ్యవహారం. ఆ హెచ్చరికలను మనిషి పట్టించుకోకుండా చేయి ముందుకే జరిపితే పక్షి కొరుకుతుంది, కొరకగానే చేయి వెనక్కి పోతుంది. పక్షి దృష్టిలో అప్పటిదాకా చేసినవేవీ పనిచేయలేదు, కాటు పనిచేసింది. నాలుగైదుసార్లు ఇలా జరిగాక హెచ్చరికలు తగ్గిపోయి నేరుగా కాటే మిగులుతుంది. "మా చిలుక ఏ కారణమూ లేకుండా కొరుకుతుంది" అని వాపోయేవారిలో చాలామంది, తమకు తెలియకుండానే, ఆ పాఠం నేర్పినవారే అయి ఉంటారు.

ఇక పంజరం దగ్గరా కొన్ని మూలల దగ్గరా కనిపించే కాపలా బుద్ధికి మూలం చెట్టు తొర్రలో ఉంది. చిలుక జాతుల్లో అధికభాగం తొర్రల్లోనే గుడ్లు పెడతాయి గాని వడ్రంగిపిట్టలా తామే తొలుచుకునేవి తక్కువ. ఉన్న తొర్రను వెతుక్కోవాలి, విశాలం చేసుకోవాలి, ఇతరుల నుంచి కాపాడుకోవాలి. దీని పరాకాష్ఠ ఆస్ట్రేలియా ఉత్తర కొసన కేప్ యార్క్ అడవుల్లోని ఎక్లెక్టస్ చిలుకల్లో కనిపిస్తుంది. ఆకుపచ్చని మగవి అడవంతా తిరిగి మేత తెస్తుంటే, ఎర్రని ఆడది ఏడాదిలో 11 నెలల వరకు తన తొర్రను అంటిపెట్టుకుని ఉంటుందని రాబర్ట్ హైన్‌సోన్ బృందం ఏళ్ల తరబడి గమనించి రాసింది. వాన నీరు నిలవని మంచి తొర్ర దొరకడం అంత కష్టం. అటువంటి వంశానికి చెందిన పక్షిని తెచ్చి మూడువైపులా మూసిన చోటు చూపించి, ఆ తరువాత అందులో చేయి పెడితే అది ఏమనుకోవాలి? కుక్క వేల ఏళ్లుగా మనిషితో బతికి మారింది. పంజరాల్లో తరతరాలుగా పెరుగుతున్న బడ్జీలు అనే చిన్న ఆస్ట్రేలియా చిలుకలు సైతం సజీవంగా ఇంగ్లండు చేరింది 1840లో మాత్రమే.

విజయవాడలో మా చెల్లెలి ఇంట్లో ఒక సన్ కాన్యూర్ ఉంది. రెండేళ్లు బుద్ధిగా భుజం మీద కూర్చున్న పక్షి ఒక మార్చి నెలలో బీరువా వైపు ఎవరు వెళ్లినా ఎగిరివచ్చి చెవి తమ్మె కొరకడం మొదలుపెట్టింది. బీరువా మీద, గోడవైపు, ఖాళీ చెప్పుల అట్టపెట్టె ఒకటి పక్కకు ఒరిగి ఉంది. లోపల చూస్తే అట్టను సన్నని పేలికలుగా చీల్చి పక్కలా పరిచి ఉంది. పగళ్లు పొడుగవుతున్న కాలం, రాత్రి పదకొండు దాకా వెలిగే ట్యూబ్‌లైటు, రోజూ మెత్తగా ఉడికించిన మొక్కజొన్న, వీపు మీద పిల్లల నిమురుడు, వీటికి తోడు చీకటి పెట్టె. గూడు కట్టే వేళ వచ్చిందని ఆ పక్షి శరీరానికి చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

విరుగుడు కూడా ఆ జాబితాలోనే ఉంది. పెట్టె తీసేశారు, సందును చెక్కతో మూశారు, సాయంత్రం ఏడింటికే పంజరం మీద పాత దుప్పటి కప్పి పన్నెండు గంటల చీకటి ఇచ్చారు, నిమరడం తలకూ మెడకూ పరిమితం చేశారు. వీపూ తోక మొదలూ నిమిరితే చిలుక దాన్ని జతకట్టే పిలుపుగా తీసుకుంటుందని పిల్లలకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఇలా ఈడుకు వచ్చే వయసు చిన్న జాతుల్లో సుమారు ఏడాది, పెద్ద జాతుల్లో మూడు నుంచి ఆరేళ్లు. అందుకే కొన్నాళ్లు ముద్దుగా పెరిగిన చిలుక హఠాత్తుగా "చెడిపోయినట్టు" కనిపిస్తుంది.

శిక్షించడం గురించి నా అభిప్రాయం గట్టిదే. ముక్కు మీద కొట్టడం, నీళ్లు చల్లడం, తోలు చేతితొడుగు వేసుకుని బలవంతంగా పట్టుకోవడం వల్ల చేయి అనేదే శత్రువని పక్షికి రుజువవుతుంది తప్ప మరేదీ జరగదు. పెద్దగా కేకలు వేస్తే కొన్ని చిలుకలకు అదొక వేడుక. కొరికినప్పుడు విదిలించకుండా, మాట్లాడకుండా, దగ్గరలో ఉన్న బల్ల మీద దింపేసి ఊరుకోవడం మంచిది. జంతు ప్రవర్తన శిక్షణలో పేరున్న అమెరికా మనస్తత్వవేత్త సుసాన్ ఫ్రీడ్‌మన్ అడిగించే ప్రశ్నలు రెండు: కాటుకు ముందు ఏం జరిగింది, తరువాత పక్షికి ఏం దక్కింది? నోటుపుస్తకంలో పదిరోజులు ఇవి రాసుకున్నవారికి జవాబు చాలావరకు కాగితం మీదే దొరుకుతుంది.

శిక్షణకు కావలసినవి ఒక పుల్ల, పది పొద్దుతిరుగుడు గింజలు. ఆ గింజలను రోజువారీ గిన్నెలోంచి తీసేసి తాయిలంగా మాత్రమే ఇవ్వాలి. పంజరం బయటినుంచి పుల్ల చూపిస్తే పక్షి ముక్కుతో తాకుతుంది, తాకగానే ఒక గింజ. పూటకు అయిదు నిమిషాలు చాలు. పుల్ల వెంట నడవడం అలవాటయ్యాక దాన్ని పంజరం నుంచి విడిగా ఉన్న స్టాండు మీదికి రప్పించి, అప్పుడే గిన్నెలు మార్చాలి. చేయి లోపలికి పోవలసిన అవసరమే లేకపోతే కాపలా కాయడానికి ఏమీ ఉండదు.

ఒక హెచ్చరిక. సాధువైన పక్షి కాలంతో పనిలేకుండా ఉన్నట్టుండి కొరుకుతుంటే ముందు పక్షుల వైద్యుడికి చూపించాలి. చిలుకలు జబ్బును దాచుకుంటాయి. ఈకలు రాల్చే రోజుల్లో మొలిచే కొత్త ఈకల్లో రక్తం పారుతుంటుంది, వాటిని తాకితే నొప్పి. మరో మాట, రామచిలుకను పంజరంలో పెంచడం మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి ఈ సలహాలన్నీ చట్టబద్ధంగా పెంచే విదేశీ జాతులకే.

అమెరికా శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో షికాగోలోని ఒక దుకాణంలో కొని ముప్పై ఏళ్లు పరిశోధించిన ఆఫ్రికన్ గ్రే, అలెక్స్, ప్రయోగాలతో విసుగెత్తినప్పుడు తనను వెనక్కి తీసుకుపొమ్మని ఇంగ్లీషు మాటల్లోనే అడిగేది, వద్దనుకుంటే వద్దనేది. ఆ మాటలు రాని చిలుకకు అదే విన్నపం చేయడానికి మెడ ఈకలూ, కంటిపాపలూ, చివరికి ముక్కూ ఉన్నాయి. చెల్లెలి కాన్యూర్ మరుసటి మార్చిలో మళ్లీ బీరువా మీదికి ఎగిరింది, మూసిన చెక్క చుట్టూ రెండుసార్లు తిరిగింది, చివర కాస్త గీరి చూసి, పుల్ల కనిపించగానే దిగివచ్చి గింజ కోసం నోరు తెరిచింది.