మార్కు సువార్తను లోతుగా చదవడం: పెద్దల క్లాసుల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు సంఘాల్లో పెద్దవాళ్లకు సువార్త పాఠాలు చెప్తుంటాను. ఎక్కువగా మార్కుతోనే మొదలుపెడతాను. పదహారు అధ్యాయాలే, నాలుగు సువార్తల్లోకీ చిన్నది. పైకి చదివితే గంటన్నర, మహా అయితే రెండు గంటలు. అయినా "లోతుగా చదువుదాం రండి" అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆ జంకు ఎక్కడినుంచి వస్తోందో చూస్తే ఈ మాటలే కనిపిస్తాయి.

అపోహ: లోతైన చదువు అయ్యగార్లకే (పాస్టర్లకే). తెలుగు చదవడం రానివాళ్లకు అసలే కాదు.

వాస్తవం: 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు గలగలా మాట్లాడుతూ, పేజీ తెరిస్తే చదవలేనివాళ్లు మా దగ్గర చాలామంది. అందుకని ఒకరు తెలుగు బైబిలు పైకి చదువుతారు, పక్కన ఇంకొకరు ఒడియా బైబిలు చూసుకుంటారు, మిగతావాళ్లు వింటారు. మార్కు రాసిన కాలంలోనూ ఎక్కువమందికి చదువు రాదు. ఒకరు చదివితే అందరూ వినేవాళ్లు. కాబట్టి వినడాన్ని తక్కువ చెయ్యొద్దు. ఒక మాట మళ్లీ వస్తే ముందు పట్టుకునేది వినేవాళ్లే.

పదో అధ్యాయమే తీసుకోండి. శిష్యులైన యాకోబు, యోహాను అనే అన్నదమ్ములు వచ్చి మేం అడిగింది చెయ్యాలంటారు. "మీకు నేనేం చెయ్యాలి?" అని యేసు ప్రభువు అడుగుతారు. ఆయన మహిమలో కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు కూర్చోవాలని వాళ్ల కోరిక. అదే అధ్యాయం చివర యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలేస్తాడు. ప్రభువు అతన్నీ అదే ప్రశ్న అడుగుతారు. అతను చూపు కావాలంటాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే ఒక అమ్మ ఇది వింటూనే, "ఇందాక ఆ అన్నదమ్ములనీ ఇదే అడిగారు కదండీ" అంది. ఆ రోజు క్లాసు ఇక ముందుకు కదల్లేదు, కదలాలని నాకూ అనిపించలేదు. ఎనిమిది, తొమ్మిది, పది అధ్యాయాల్లో తన మరణం గురించి ఆయన మూడుసార్లు చెప్తారు. మూడుసార్లూ శిష్యులకు అంతుపట్టదు. ఆ మూడు మాటలకు ముందు బేత్సయిదాలో ఒక గుడ్డివాడికి చూపొస్తుంది, తర్వాత బర్తిమయికి. ఇది ఊరికే జరిగిన వరస కాదని, మార్కు కావాలనే అలా పేర్చాడని నా నమ్మకం. 15వ అధ్యాయంలో సిలువ దగ్గరికి చేరాక ఆయన కుడివైపు, ఎడమవైపు ఎవరున్నారో చూడమన్నాను. ఇద్దరు బందిపోటు దొంగలు. ఏ వ్యాఖ్యానమూ తెరవకుండానే ఇంత దూరం వచ్చారు.

అపోహ: ఒక్కో వచనాన్ని విడదీసి ధ్యానిస్తేనే లోతు.

వాస్తవం: అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచ్ ముద్రాపకుడు 1551లో పెట్టినవి. వెతుక్కోడానికి బాగా పనికొస్తాయి, అంతే. ఐదో అధ్యాయంలో యాయీరు అనే ఆయన కూతురు చావుబతుకుల్లో ఉంది. ఆయన వెంట ప్రభువు బయలుదేరారు. మధ్యలో రక్తస్రావంతో బాధపడే స్త్రీ వచ్చింది, ప్రభువు ఆగిపోయారు. ఆవిడ చాలామంది వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చు పెట్టేసిందని మార్కు చెప్తాడు. బరంపురం, విశాఖ ఆసుపత్రులకు తిరిగి అప్పులపాలైన కుటుంబాలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ పక్కనే నిలబడ్డ యాయీరు టెన్షన్ కూడా చూడాలి. ఆవిడతో ప్రభువు మాట్లాడుతుండగానే కూతురు చనిపోయిందని కబురొస్తుంది. ఆవిడ జబ్బుకు పన్నెండేళ్లు, ఆ పిల్లకూ పన్నెండేళ్లు. వచనాలుగా ముక్కలు చేస్తే ఆ ఆలస్యం, ఆ తండ్రి గుండె కోత రెండూ పోతాయి.

అపోహ: నాలుగు సువార్తలూ కలిపేసి చదవాలి.

వాస్తవం: ముందు ఒక్కదాన్ని పూర్తిగా విననివ్వండి. మార్కులో యేసు పుట్టుక కథే లేదు. పశువుల తొట్టి లూకాలోది, జ్ఞానులు మత్తయిలోవాళ్లు. ముగ్గురని అక్కడా లేదు.

అపోహ: ఉపమానంలో ప్రతి వస్తువుకూ గూఢార్థం ఉంటుంది.

వాస్తవం: విత్తువాని ఉపమానానికి ప్రభువే అర్థం చెప్పారు కాబట్టి అన్నిటికీ అలాగే చెప్పాలనుకుంటారు. ఇది పాత అలవాటే. మంచి సమరయుని కథలో పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలని పాతకాలపు సంఘ పండితుడు అగస్టీను చెప్పాడు. నేను ఆ దారి పట్టను. మార్కులో మాత్రమే ఉన్న చిన్న ఉపమానం ఒకటుంది (4:26-29). విత్తనం చల్లినవాడు పడుకుంటాడు, లేస్తాడు, అది ఎలా మొలిచిందో అతనికి తెలియదు. వరి పండించేవాళ్లు దీన్ని విన్న వెంటనే అందుకుంటారు. కొడవలి అంటే ఏమిటి, పడక అంటే ఏమిటి అని మొదలుపెడితే కథ చేజారిపోతుంది.

అపోహ: గ్రీకు రాకపోతే పైపైనే.

వాస్తవం: మార్కు రాసింది గ్రీకులోనే, ఆ భాష తెలిస్తే మంచిదే. కానీ మత్తయి, మార్కు, లూకా సువార్తలు విశాఖపట్నం మిషనరీల అనువాదంలో 1812లోనే తెలుగులో అచ్చయ్యాయి. పైన చెప్పినవన్నీ తెలుగులోనే కనబడ్డాయి.

అపోహ: చివరి వచనాల సంగతి చెప్తే విశ్వాసం చెదిరిపోతుంది.

వాస్తవం: 16:9-20 భాగం 4వ శతాబ్దపు సీనాయి, వాటికన్ అనే పాత గ్రీకు చేతిరాత ప్రతుల్లో లేదు. అక్కడ సువార్త 8వ వచనంతో, స్త్రీలు భయపడి పారిపోవడంతో ఆగుతుంది. ఆయన లేచారన్న మాట 6వ వచనంలోనే ఉంది, దానికేమీ కాలేదు. పెద్దవాళ్ల దగ్గర ఇది దాచడం వాళ్లను చిన్నపిల్లలుగా చూడటమే. విన్నవాళ్లు చెదిరిపోలేదు, ఇంకా ప్రశ్నలు అడిగారు. పాములను ఎత్తిపట్టుకుంటారు, విషం తాగినా హాని కలగదు అన్న మాట ఉన్నది ఈ భాగంలోనే. దాన్ని పట్టుకుని పాము కరిచినవాళ్లను ఇంట్లోనే పెట్టుకోవద్దని క్లాసులో గట్టిగా చెప్తాను. ప్రార్థన ఆటోలో కూడా చేసుకోవచ్చు, ముందు బండి ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.