కడుపునొప్పి లేని సీలియాక్ వ్యాధి

ఎనిమిదేళ్ల పాప నవ్వినప్పుడు, పాలపళ్లు ఊడి కొత్తగా వచ్చిన ముందుపళ్లను వెలుతురులో చూడండి. వాటిమీద పసుపుపచ్చని మచ్చలు గానీ, అడ్డంగా గీసినట్టు గాడులు గానీ ఉండి, కుడి పన్నుమీది గుర్తే ఎడమ పన్నుమీదా కనిపిస్తే, చిగురు లోపల పన్ను తయారవుతున్న రోజుల్లోనే ఎనామిల్ దెబ్బతిన్నదని అర్థం. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఎవరికైనా మొదట తోచేది ఫ్లోరైడ్ నీళ్లే. అది సబబే. కానీ నీటిలో ఫ్లోరైడ్ సమస్య లేని ఊళ్లో, ఆ పాప తోటివాళ్లకన్నా పొట్టిగా కూడా ఉంటే, సీలియాక్ వ్యాధి ఉందేమోనని ఒకసారి అనుమానించాలి.

గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటిదే ఒక ధాన్యం) వంటివాటిలోని గ్లూటెన్ అనే మాంసకృత్తి పడక, శరీర రక్షణ వ్యవస్థ తన సొంత చిన్నపేగుపైనే దాడి చేయడం ఈ జబ్బు లక్షణం. పేగు లోపలి గోడమీద పోషకాలను పీల్చుకునే సన్నని వేళ్లలాంటి చూషకాలు అరిగి చదునైపోతాయి. విరేచనాలు, కడుపుబ్బరం ఉంటే డాక్టర్లు త్వరగానే పోల్చుకుంటారు. అవేవీ లేని పిల్లలే ఏళ్ల తరబడి మరుగున పడిపోతారు.

అలాంటి పిల్లల్లో తరచుగా కనిపించేది రక్తహీనత. నులిపురుగుల మందు వేస్తారు, ఐరన్ టానిక్ నెలల తరబడి తాగిస్తారు, హిమోగ్లోబిన్ మాత్రం కదలదు. ఇనుమును ప్రధానంగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం, ఈ జబ్బు ఎక్కువగా దెబ్బతీసేదీ ఆ భాగాన్నే కాబట్టి, టానిక్ ఎంత పోసినా రక్తంలోకి చేరేది కొంచెమే. పాపకు సరిగా అన్నం పెట్టడం లేదని తల్లిని నిందించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా విన్నపం. మాటిమాటికీ వచ్చే నోటిపూత, ఆలస్యమయ్యే యుక్తవయసు, కారణం తెలియకుండా పెరిగిన కాలేయ ఎంజైములు, చివరికి మలబద్ధకం కూడా ఈ జబ్బు గుర్తులు కావచ్చు.

ఉత్తర భారతంలో సుమారు వందమందిలో ఒకరికి ఉన్న ఈ వ్యాధి, దక్షిణాదిలో వెయ్యిమందిలో ఒకరికి ఉన్నట్టు సర్వేల్లో తేలింది. ఇది రొట్టెలు తినేవాళ్ల జబ్బని మనవాళ్లు అనుకోవడానికి కారణం అదే కావచ్చు. కానీ ఇప్పుడు మన పిల్లల పళ్లెంలోనూ పొద్దున గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీ ఉంటున్నాయి.

అనుమానం వస్తే మొదట చేయించవలసినవి రెండు రక్తపరీక్షలు: ఈ జబ్బులో తయారయ్యే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) చూసే టీటీజీ ఐజీఏ, ఆ రకం ప్రతిరక్షకాలు ఒంట్లో అసలు సరిపడా ఉన్నాయా అని చూసే మొత్తం ఐజీఏ. ఆ తర్వాత చాలామందికి ఎండోస్కోపీతో పేగుముక్క తీసి చూడవలసి వస్తుంది. పరీక్షలన్నీ ముగిసేదాకా గోధుమ మానిపించకూడదు. మానితే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. జబ్బు ఖాయమైతే తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి.

దీనికి చికిత్స జీవితాంతం గ్లూటెన్ లేని తిండి. వరి, జొన్న, రాగి, సజ్జ మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నవే కనుక అది మనకు మరీ కష్టం కాదు, ఆ పిండిని గోధుమ పట్టిన మరలో మాత్రం పట్టించకూడదు. పులిహోర పోపులో వేసే ఇంగువను కూడా చూసి కొనాలి: బజారులో దొరికే చాలా రకాల ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది, ఆ మాట డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.