ఐమూల పట్టీ, ఒరిగిన మనసు

అమలాపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంగ్లీషు 'బయాస్'ని పోర్చుగీసులో ఎక్కడ ఏమనాలో చెబుతాను. దానికి నిఘంటువులో పక్షపాతం అని కనబడగానే పుస్తకం మూసేయకండి. దాని మొదటి అర్థం ఏటవాలు. ఫ్రెంచి 'బియే' నుంచి వచ్చింది. మన పక్కనే యానాంలో 1954 దాకా పాలించిన వాళ్ల భాష. పోర్చుగీసు వాళ్లూ అక్కణ్ణుంచే తెచ్చుకుని 'వియెస్' అన్నారు. పోర్చుగీసు మనకేం కొత్త కాదు. బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రీ ఆ భాష నుంచి వచ్చినవే. ఉచ్చారణ మాత్రం బ్రెజిల్ వాళ్లది రాస్తున్నాను.

ముందు గుడ్డ సంగతి చూడండి. జాకెట్టు గుండ్రటి మెడకి మన టైలర్లు వేసే క్రాస్ పట్టీ ఇంగ్లీషులో బయాస్, పోర్చుగీసులో వియెస్. గుడ్డ మూల పట్టుకుని, పడుగు అంచు పేక అంచు మీద పడేలా మడవండి. ఆ మడతే ఐమూల గీత, సరిగ్గా 45 డిగ్రీలు. దాని వెంబడే అంగుళంపావు వెడల్పున గీసి కత్తిరించాలి. నిలువు పట్టీని లాగితే సాగదు. ఐమూల పట్టీ సాగుతుంది, ఎందుకంటే లాగుడు ఏ దారం మీదా నేరుగా పడదు; పడుగూ పేకా కత్తెర రెక్కల్లా జరుగుతాయి. అందుకే మెడ వంపుకి ఒదుగుతుంది. నిలువు పట్టీ వేస్తే ముడతలుపడి లేచి నిలుస్తుంది. క్రాస్ పట్టీనైనా కుట్టేటప్పుడు లాగి పట్టుకుంటే మెడంతా కుచ్చులు పడుతుంది.

ఇంగ్లండులో గడ్డి మీద బంతులు దొర్లించే ఆట ఒకటుంది. బంతిని కావాలనే ఒక పక్కకి ఒరిగేలా చేస్తారు. ఆ ఒరుగుడూ బయాసే. 16వ శతాబ్దంలో మాట బంతి నుంచి మనసుకి ఎక్కింది. మన 'పక్షపాతం' చూడండి: పక్షం అంటే పక్క, పాతం అంటే పడటం. ఎంత దగ్గరగా ఉందో!

ఇక్కడ పోర్చుగీసులో మాట చూసి ఎంచుకోవాలి. "లంక ఊళ్ల పిల్లలకి చదువు రాదు" అని, ఆ పిల్లని ఒక్క ప్రశ్నయినా అడక్కుండా అనేయడం 'ప్రెకోన్సెయితు', ముందే కట్టుకున్న అభిప్రాయం. కులాన్నీ రంగునీ బట్టి మనిషిని కొలవడమూ ఇదే. చాలా బరువైన మాట, తేలిగ్గా వాడకండి. ప్రశ్నలన్నీ అడిగి, తన ఊరి పిల్లకి రెండు మార్కులు ఎక్కువ వేస్తే అది 'పర్సియలిదాజి'.

లెక్కల్లో బయాస్ వియెస్సే. దీంట్లో దురుద్దేశం ఉండక్కర్లేదు. రొయ్యల చెరువులో సగటు బరువు చూడటానికి ఒకే మూల వల విసిరితే ఆ మూల రొయ్యల బరువే తెలుస్తుంది. వందసార్లు విసిరినా ఆ తప్పు పోదు, చోటు మార్చాలి. ట్రాన్సిస్టరు సరిగ్గా పనిచేయడానికి దానికిచ్చే స్థిరమైన వోల్టేజీనీ బయాస్ అంటారు; అది మాత్రం 'పోలరిజసావ్'.

అందరూ పొరబడేది 'ప్రెజుయీజు' దగ్గర. ఇంగ్లీషు 'ప్రెజుడిస్'లా వినబడుతుంది గానీ అర్థం నష్టం. తుఫానుకి కొబ్బరితోట పడిపోతే కలిగేది ప్రెజుయీజు. ఇంగ్లీషు మాటకీ చట్టంలో ఈ హాని అనే అర్థం ఉంది: 'వితౌట్ ప్రెజుడిస్ టు' అని కాగితంలో ఉంటే, ఫలానా హక్కుకి భంగం లేకుండా అని. పోర్చుగీసు లాయర్లు అక్కడ 'సెం ప్రెజుయీజు' అనే రాస్తారు.

ఇట్లు
మీ అమ్మమ్మ