ఒక కొండ, నాలుగు కార్తెలు

మా పాత విద్యార్థి ఒకడు అట్లాంటాలో ఉంటాడు. అక్టోబరు మూడో వారంలో భార్యాపిల్లలతో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకు వెళ్లొచ్చి ఫోన్ చేశాడు. గొంతు నిండా ఫిర్యాదే. "మాస్టారూ, నాలుగ్గంటలు కారు నడుపుకుంటూ వెళ్లామండీ. కింద గాట్లిన్‌బర్గ్‌లో చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. శిఖరం దగ్గరికి వెళ్తే అన్నీ మోళ్లే. ఫొటోల్లో చూసే ఆ ఎరుపూ పసుపూ మాకు సరిగ్గా దొరకనేలేదు. ముందుగా వెళ్లామా, ఆలస్యంగా వెళ్లామా?"

రెండూనురా అన్నాను. పొద్దున కింద ఉన్నప్పుడు ముందుగా వెళ్లావు, మధ్యాహ్నం పైకెక్కేసరికి ఆలస్యమైపోయావు. వాడు నవ్వాడు గానీ, నేను నవ్వించడానికి చెప్పిన మాట కాదది.

ఈ పార్కు టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు మీద పరుచుకుని ఉంది. 1934లో ఏర్పడింది. దీని చరిత్ర, ఎలుగుబంట్లు, చూడదగ్గ చోట్లు ఎక్కడైనా దొరుకుతాయి, అవన్నీ వదిలేస్తున్నాను. నాకు కావలసినవి రెండే అంకెలు. పార్కులో అన్నిటికన్నా పల్లపు చోటు సముద్రమట్టానికి 875 అడుగుల ఎత్తున ఉంది. అన్నిటికన్నా ఎత్తయిన కువోహి శిఖరం 6,643 అడుగులు. (దీన్ని మొన్నమొన్నటి దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు. చెరోకీ ప్రజల పాత పేరు 2024లో తిరిగొచ్చింది. మల్బరీ చెట్ల తావు అని అర్థం.) రెండింటి మధ్య తేడా 5,768 అడుగులు. కథంతా ఈ అంకెలోనే ఉంది.

ముందు ఒక మాట. పైకి వెళ్తే చలి ఎందుకు? సంపాతి కథ మనందరికీ తెలుసు. తమ్ముడు జటాయువుతో పందెం వేసుకుని సూర్యుడి దగ్గరికి ఎగిరాడు, రెక్కలు కాలిపోయాయి. కథ చెప్పినవాడికి పైకి పోయేకొద్దీ వేడి పెరుగుతుందనే అనిపించింది, సూర్యుడికి దగ్గరవుతాం కదా! నిజానికి ఆ అన్నదమ్ములిద్దరూ గడ్డకట్టి పడిపోవాలి. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి మనం రెండు కిలోమీటర్లు దగ్గరైతే ఎంత, కాకపోతే ఎంత?

క్లాసులో నేను చాలా ఏళ్లు చెప్పిన జవాబు కూడా తప్పే, ఒప్పుకుంటున్నాను. "పైన గాలి పలచగా ఉంటుంది కాబట్టి చల్లగా ఉంటుంది" అని బోర్డు మీద రాయించేవాణ్ని. పిల్లలు రాసుకునేవారు, మార్కులూ పడేవి. ఒక్కడు కూడా "పలచగా ఉంటే చల్లగా ఎందుకుండాలి సార్?" అని అడగలేదు. అడిగుంటే దొరికిపోయేవాణ్ని. ఇంకా పైకి, స్ట్రాటోస్ఫియర్‌లోకి వెళ్తే గాలి మరింత పలచన, కానీ అక్కడ పైకెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది.

అసలు సంగతి ఖర్చు. ఎండ వేడి చేసేది ముఖ్యంగా నేలని, నేల తనకు ఆనుకున్న గాలిని. వేడెక్కిన గాలి ముద్ద ఒకటి పైకి బయల్దేరిందనుకోండి. దాన్ని జేబులో కొంత డబ్బు వేసుకుని ప్రయాణం కట్టిన మనిషిలా ఊహించండి. దారిలో సంపాదన లేదు, చుట్టుపక్కల గాలితో ఇచ్చిపుచ్చుకోవడాలు లేనట్టే లెక్క. పైకి పోయేకొద్దీ చుట్టూ పీడనం తగ్గుతుంది, కాబట్టి ముద్ద ఉబ్బుతుంది. ఉబ్బడం ఊరికే రాదు. పక్కనున్న గాలిని పక్కకు నెట్టాలి, నెట్టడం పని, పనికి శక్తి కావాలి. ఆ శక్తి సొంత జేబులోంచే, అంటే సొంత వేడిలోంచే తీయాలి. ఎంత పైకి పోతే అంత చోటు, ఎంత చోటైతే అంత ఖర్చు. అందుకే చల్లబడుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం పట్టుకుని చూడండి, చురుక్కుమంటుంది. అక్కడ మీరు గాలి జేబులో డబ్బు పెడుతున్నారు. ట్యూబు వాల్వు విప్పితే వేలికి చల్లగా తగులుతుంది. అక్కడ గాలి ఖర్చు పెట్టుకుంటోంది.

ఎంత ఖర్చు? లెక్క భలే చిన్నది. కిలో గాలి ఒక మీటరు పైకి పోతే 9.8 జౌళ్ల శక్తి పోతుంది. కిలో గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారాలంటే సుమారు 1,004 జౌళ్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మీటరుకు 0.0098 డిగ్రీలు, అంటే కిలోమీటరుకు దాదాపు 9.8 సెల్సియస్ డిగ్రీలు. గురుత్వాకర్షణ, గాలి విశిష్టోష్ణం, ఈ రెండే. మూడో సంగతి ఏదీ అక్కర్లేదు. నాకు భౌతికశాస్త్రంలో ఇంతకన్నా అందమైన భాగహారం గుర్తులేదు.

అయితే ఇది పొడిగాలి లెక్క. స్మోకీలకు వచ్చే గాలి తరచూ గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీద తడిసి వస్తుంది. ఆ తేమ ఒక ఫిక్సెడ్ డిపాజిట్. సముద్రపు నీరు ఆవిరైనప్పుడు మింగిన వేడి అందులో దాగి ఉంది. ముద్ద చల్లబడి మబ్బు కట్టే ఎత్తుకు చేరగానే డిపాజిట్ విరుగుతుంది. కిలో గాలిలో ఒక్క గ్రాము ఆవిరి నీటిచుక్కలుగా మారితే ఆ గాలికి సుమారు రెండున్నర డిగ్రీల వేడి చేతికొస్తుంది. ఖర్చు ఆగదు గానీ కాస్త తేలికవుతుంది, కిలోమీటరుకు అయిదారు డిగ్రీల దగ్గర ఉంటుంది. పొడి తడి కలిపి సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలని వాతావరణ శాస్త్రజ్ఞులు తీసుకుంటారు. విరిగిన డిపాజిట్ కాగితాలే వాన. కింది లోయల్లో ఏడాదికి 55 అంగుళాలు కురిస్తే, కువోహి మీద 85 అంగుళాలు దాటుతుంది. అదే గాలి శిఖరం దాటి అవతలికి దిగేటప్పుడు చుట్టూ ఉన్న గాలి దాన్ని నొక్కుతుంది. పోయిన డబ్బు తిరిగొస్తుంది, అదీ పూర్తి 9.8 రేటుకి. కాగితాలు మాత్రం ఇవతలే వాన రూపంలో వదిలేసింది! అందుకే కొండల చాటున ఉన్న ఆష్‌విల్ నార్త్ కరోలినాలో అతి తక్కువ వాన పడే ఊళ్లలో ఒకటి.

ఇప్పుడు కార్తెల దగ్గరికి వద్దాం.

అమెరికా వ్యవసాయ శాఖలో ఆండ్రూ హాప్కిన్స్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. అడవి చెట్లను తొలిచే పురుగులు ఎప్పుడు బయటికొస్తాయో తెలుసుకునే క్రమంలో 1918లో ఒక సూత్రం చెప్పాడు. వసంతం ఉత్తరానికి ఒక్కో అక్షాంశానికి నాలుగు రోజులు, ఎత్తులో ప్రతి 400 అడుగులకు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. (తూర్పు పడమరలకూ ఒక లెక్క ఇచ్చాడు, అది మనకు ఇక్కడ అనవసరం.) అంటే వసంతం రోజుకు వంద అడుగుల చొప్పున కొండెక్కుతుంది. చంటిపిల్లతో నడిచే ముసలమ్మ కూడా ఇంతకన్నా వేగంగా ఎక్కుతుంది.

మన కార్తె ఒకటి పదమూడు పద్నాలుగు రోజులు. ఏడాదికి ఇరవై ఏడు. వంద అడుగుల లెక్కన ఒక్కో కార్తె సుమారు 1,350 అడుగుల మందం. 5,768ని దాంతో భాగిస్తే నాలుగు కార్తెల పైచిలుకు. కింద లోయలో రోహిణి నడుస్తుంటే, మధ్యలో కృత్తిక, భరణి, అశ్విని దాటుకుంటూ శిఖరానికి చేరేసరికి రేవతి. సూర్యుడు అందరికీ ఒకే నక్షత్రంలో ఉంటాడు, ఆ మాట నిజమే. కానీ చెట్టు పంచాంగం చూడదు, వేడి చూస్తుంది.

నేను ఒకసారి మే నెలాఖరున అక్కడికి వెళ్లాను. కింద అడవి నిండా ముదురాకు, నీడ చిక్కబడింది. కారు పైకి పోతున్నకొద్దీ ఆకు చిన్నదైపోయింది, రంగు లేతబడింది. ఆపైన కొమ్మలకు అప్పుడే విచ్చుతున్న మొగ్గలు. గంటసేపట్లో రెండు నెలలు వెనక్కి నడిచాను. పైకెక్కింది కారు, వెనక్కి తిరిగింది కాలెండరు.

అదే ఎత్తును అక్షాంశాల్లోకి మార్చినా బాగుంటుంది. అయిదువేల ఏడొందల అడుగులంటే పద్నాలుగు అక్షాంశాలకు పైగా. స్మోకీలు 35వ అక్షాంశం దాటి ఉన్నాయి, అక్కణ్నుంచి పద్నాలుగు పైకెళ్తే కెనడా సరిహద్దు దాటిపోతాం. శిఖరాల మీద పెరిగేది సరిగ్గా అటువంటి అడవే, స్ప్రూస్, ఫర్ చెట్లు. హిమయుగంలో మంచు పలకలు ఇంత దక్షిణానికి రాలేదు గానీ ఉత్తరాది చెట్లు చలితోబాటు దిగి వచ్చాయి. చలి వెనక్కి పోయినప్పుడు కొన్ని ఉత్తరానికి పోయాయి, కొన్ని పైకెక్కాయి. వాటికి రెండూ ఒకటే దారి.

ఈ సూత్రం పట్టుకుని అరకు వెళ్లి కొలవకండి. మన దగ్గర అడవికి తాళం తీసేది వాన, వేడి కాదు. స్మోకీల పల్లెల వాళ్లకు మాత్రం మన రైతులకు కార్తెలున్నట్టే సొంత పేర్లున్నాయి. వసంతం వచ్చేసిందనుకున్నాక తిరిగి విరుచుకుపడే చలిని ఆ రోజుల్లో ఏది పూస్తే దాని పేరుతో పిలుస్తారు. రెడ్‌బడ్ వింటర్, తరవాత డాగ్‌వుడ్ వింటర్, ఆ తరవాత బ్లాక్‌బెర్రీ వింటర్. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న మనవాళ్లకు ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. పూలను చూసి చలికి పేరు పెట్టడంలో అర్థముంది, పువ్వు థర్మామీటరే. కానీ అదే జనం గొంగళిపురుగు ఒంటి మీద నలుపు, గోధుమ పట్టీలు లెక్కపెట్టి రాబోయే పదమూడు వారాల చలి జాతకం చెబుతారు! నార్త్ కరోలినాలోని బ్యానర్ ఎల్క్ అనే ఊళ్లో 1978 నుంచి దానికో జాతర కూడా, పురుగులకు దారం మీద పరుగుపందెం పెట్టి గెలిచినదాని పట్టీలు చదువుతారు. పట్టీ వెడల్పు ఆ పురుగు వయసుకూ గడిచిపోయిన కాలానికీ సంబంధించింది, రాబోయేదానికి కాదు. కప్పల పెళ్లి చేసే మనం నవ్వకూడదనుకోండి.

కొండ మీద వేడి ఖర్చు చూశాం. పొదుపు కూడా ఉంది. ఎల్క్‌మాంట్ అనే చోట మే చివర, జూన్ మొదట్లో మిణుగురులు ఒకే తాళానికి వెలుగుతాయి. మగపురుగులు వరసగా అయిదు నుంచి ఎనిమిది సార్లు మెరిసి, అన్నీ ఒక్కసారిగా కొన్ని సెకన్లు ఆరిపోతాయి. అడవి మొత్తం ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. చూడ్డానికి వెళ్లే బళ్లకు లాటరీ. ఏ వారంలో ఉద్ధృతంగా ఉంటుందో ముందే చెప్పడానికి వాడేది 1735లో రెయొమూర్ అనే ఫ్రెంచివాడు ఆలోచించిన లెక్క. పురుగు లార్వాగా నేలలో ఉన్నప్పుడు రోజూ కొంత వేడి హుండీలో వేసుకుంటుంది. గీటు 10 డిగ్రీలనుకుందాం. రోజు సగటు 18 అయితే ఎనిమిది రూపాయలు పడ్డాయి, 9 అయితే ఏమీ పడలేదు, పడ్డది పోనూ పోదు. హుండీ నిండిన రోజు రెక్కలు. ఎత్తున్న చోట రోజూ పడే చిల్లర తక్కువ కాబట్టి నిండడం ఆలస్యం. వెచ్చటి ఏడాది తొందరగా నిండుతుంది. వంద అడుగుల సూత్రానికి వెనకున్న అసలు యంత్రం ఇదే.

మినహాయింపు ఒకటుంది, దాన్ని దాటేస్తే మోసం చేసినవాణ్నవుతాను. గాలి లేని నిర్మలమైన రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశానికి వదిలేసుకుంటుంది. ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట నీళ్లలా జారి లోయలో మడుగు కడుతుంది. తెల్లవారేసరికి కేడ్స్ కోవ్ లాంటి గిన్నె ఆకారపు లోయలో గడ్డి మీద మంచు, కాస్త పైనున్న వాలు మీద వెచ్చదనం. లెక్క తలకిందులు. లంబసింగి చలికి కూడా ఇదే కారణం, వెయ్యి మీటర్ల ఎత్తు ఒక్కటే దాన్ని అంత చల్లబరచలేదు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ ఊరిని కొర్రబయలు అన్నారట. ఆ బయలుకే చలి మడుగు కడుతుంది.

ఇక శరత్కాలం. వాడి ప్రశ్న అదేగా. ఆకు రంగు మార్చడానికి వేడి ఒక్కటే కాదు, పగటి పొడవు కూడా గడియారం. పగటి పొడవుకు ఎత్తుతో పనిలేదు, శిఖరానికీ లోయకీ ఒకేసారి గంట కొడుతుంది. చలి ఆ గంటను పైన కాస్త తొందరపెడుతుంది, అంతే. అందుకే రంగులు పైన అక్టోబరు మొదట్లో పండి, కింద నవంబరు మొదటి రోజులకల్లా పూర్తవుతాయి. నెలరోజుల్లో అయిదువేల అడుగులు, అంటే రోజుకు నూట అరవై డెబ్బై. నా లెక్కలో వసంతం ఎక్కేది నిదానంగా, శరత్తు దిగేది గబగబా. పైగా రంగు మారే చెట్లు కూడా మెట్టు మెట్టుకూ వేరు. పైన పసుపెక్కే బర్చ్, బీచ్. కింద ఎర్రబడే మేపుల్, స్వీట్‌గమ్.

వాడికి ఫోన్‌లో చెప్పలేకపోయింది ఒకటి మిగిలింది. శిఖరం దగ్గర వాడు చూసిన మోళ్లలో కొన్ని, తెల్లగా ఎముకల్లా నిలబడ్డవి, ఆకు రాల్చినవి కావు. ఫ్రేజర్ ఫర్ ఆకు రాల్చే చెట్టు కాదు. యూరప్ నుంచి వచ్చిన బాల్సమ్ ఊలీ అడెల్జిడ్ అనే కంటికి ఆనని పురుగు 1960లలో ఈ పార్కుకు చేరి, పెద్ద చెట్లను దాదాపుగా తుడిచిపెట్టింది. అవి శవాలు. వాటి కాళ్ల దగ్గర పిల్లచెట్లు లేస్తున్నాయి, కానీ వాటికి ఇంకో చిక్కుంది. సగటు వేడి ఒక్క డిగ్రీ పెరిగితే, 6.5 లెక్కన, వాటి చలి అయిదొందల అడుగులు పైకి జరుగుతుంది. వెనకటిలాగా వెంట ఎక్కుదామంటే ఇప్పుడవి ఉన్నది ఆఖరి మెట్టు మీద.

రంగుల కోసమైతే, ఒరే, వచ్చే ఏడు కూడా అదే మూడో వారంలో వెళ్లు. తేదీ తప్పు కాదు, ఆగిన చోట్లు తప్పు. గాట్లిన్‌బర్గ్ నుంచి న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు పట్టుకుని, ఫోన్‌లో ఎత్తు చూసుకుంటూ మూడువేల నుంచి నాలుగువేల అడుగుల మధ్య బండి ఆపు. ఓ వారం ఆలస్యమైతే ఓ వెయ్యి అడుగులు తగ్గించుకో. డిసెంబరు వరకూ మాత్రం వాయిదా వెయ్యకు. ఒకటో తారీఖు నుంచి మార్చి ఆఖరుదాకా కువోహికి కార్ల దారి మూసేస్తారు.