గ్యాస్ మీద మిస్ కొడితే కిట్ పోయినట్టేనా? పాత ఓమ్నీ ప్లగ్ వైర్లపై అపోహలు - వాస్తవాలు

"గ్యాస్ కిట్ పోయిందట అన్నా, కొత్తది ఎంతవుతుందో చెప్పు." విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు ఆగే పాత ఓమ్నీ డ్రైవర్లు ఎక్కువగా ఈ మాటతోనే దిగుతారు. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది. అయినా పాల ప్యాకెట్లకీ, కూరగాయలకీ, క్యాటరింగ్ సామాన్లకీ చిన్న వ్యాపారులు ఇంకా దాన్నే నమ్ముకున్నారు. వాటిలో చాలా బండ్లు ఎల్‌పీజీ మీదే తిరుగుతాయి. బండి కాస్త మిస్ కొట్టగానే (అంటే ఏదో ఒక సిలిండర్ మండక ఇంజిన్ తడబడగానే) పెట్రోల్ బంకులోనో, టీ కొట్టు దగ్గరో ఎవరో ఒకరు "కిట్ పోయింది" అని తేల్చేస్తారు. ఆ మాట విన్నప్పటి నుంచి బండివాడికి నిద్ర ఉండదు.

డెల్కో, అంటే కరెంటుని వరసగా ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్, ఉన్న పాత బండ్ల సంగతే ఇక్కడ రాస్తున్నాను. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్, స్పార్క్‌కి కావాల్సిన వోల్టేజీ పుట్టించే కాయిల్ నుంచి డెల్కోకి ఒక వైరు, డెల్కో నుంచి ప్లగ్గులకి మూడు వైర్లు. మారుతి 800 పాత మోడళ్లకీ దాదాపు ఇదంతా వర్తిస్తుంది.

అపోహ: పెట్రోల్ మీద బాగానే నడుస్తూ గ్యాస్ మీద మాత్రమే మిస్ కొడుతోందంటే తప్పు గ్యాస్ కిట్‌దే.

వినడానికి సబబుగానే ఉంటుంది. పెట్రోల్‌కి మార్చగానే బండి సాఫీగా పోతుంది కాబట్టి ఇగ్నిషన్ బాగానే ఉన్నట్టు, గ్యాస్ వైపే ఏదో తేడా ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ లెక్క నమ్మి రెడ్యూసర్ (సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడిని తగ్గించి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) మార్పించుకుని, ఆ తర్వాత కూడా అదే మిస్సింగ్‌తో మా దగ్గరికి వచ్చినవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. విసుగు వాళ్ల మీద కాదు, చూడకుండానే ఆ మాట చెప్పినవాళ్ల మీద.

అసలు జరిగేది ఇది. ప్లగ్ గ్యాప్‌లో స్పార్క్ దూకడానికి ఎంత వోల్టేజీ కావాలనేది అక్కడి పరిస్థితిని బట్టి ఉంటుంది. గ్యాప్ పెరిగితే ఎక్కువ కావాలి. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే ఎక్కువ కావాలి. మిశ్రమం పెట్రోల్‌ది కాకుండా గ్యాస్‌ది అయితే ఇంకా ఎక్కువ కావాలి. స్పార్క్ దూకేదాకా కాయిల్ వోల్టేజీని పెంచుకుంటూ పోతుంది, అది పది పదిహేను వేల వోల్టుల దాకానో, అంతకు మించో వెళ్తుంది. ఈలోగా వైరు మీది రబ్బరు ఎక్కడైనా బలహీనంగా ఉంటే కరెంటు ప్లగ్ దాకా పోదు. దారిలోనే బయటికి దూకి బాడీకి ఎర్త్ కొట్టేస్తుంది. ఆ సిలిండర్ ఆ విడతకి ఖాళీగా తిరుగుతుంది.

పెట్రోల్ మీద తక్కువ వోల్టేజీ చాలు కాబట్టి ముసలి వైరు కూడా ఎలాగోలా నెట్టుకొస్తుంది. గ్యాస్‌కి మార్చగానే దాని బండారం బయటపడుతుంది. అందులోనూ లోడు వేసుకుని బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, మూడో గేరులో కాలు నొక్కినప్పుడు ముందు తెలుస్తుంది. ఖాళీ బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఏమీ తెలియదు. "షెడ్డు దగ్గర బాగానే ఉంది, రోడ్డెక్కితేనే కొడుతోంది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. ఈ జబ్బు లక్షణమే అది.

కంకిపాడు వైపు నుంచి పాల ప్యాకెట్లు వేసే ఒకాయన, మేమంతా బాబాయ్ అంటాం, ఇలాగే వచ్చాడు. వేరేచోట రెడ్యూసర్ మార్చాలన్నారట. ఇంకా నెలలు మిగిలి ఉన్న చీటీని నష్టానికి పాడుకుని మరీ డబ్బు చేత్తో పట్టుకొచ్చాడు. సీటు లేపి ప్లగ్ వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూశాను. మూడూ బాగానే చూపించాయి. అయినా నాకు నమ్మకం కుదరలేదు. గ్యాస్ వాల్వ్ కట్టేయించి, పెట్రోల్ మీద స్టార్ట్ చేయించి, సాయంత్రం షట్టర్ సగానికి దించి లైట్లు ఆపేశాం. స్ప్రే సీసాతో సన్నగా నీటి తుంపర కొట్టి కాస్త రేస్ ఇవ్వగానే, రెండో సిలిండర్ వైరు బ్రాకెట్‌కి ఆనుకున్న చోట నీలం రంగు మెరుపు టిక్ టిక్‌మని కొట్టడం మొదలైంది. లైటు వేసి తుడిచి చూస్తే రబ్బరు మీద సూదితో పొడిచినంత చుక్క, దాని చుట్టూ బూడిదరంగు మచ్చ. కొత్త వైర్ల సెట్టు వేసి పంపించాం. ఆయన తెచ్చిన డబ్బులో చాలా భాగం జేబులోనే మిగిలింది. కానీ చీటీలో పోయింది పోయింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కిట్ ఎప్పుడూ పోదని నేననడం లేదు. రెడ్యూసర్ లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్, ముదురుతుంది, గ్యాస్ ఫిల్టర్ మూసుకుపోతుంది, వేడినీళ్ల పైపు సరిగా పారకపోతే రెడ్యూసర్ గడ్డకడుతుంది. అయితే వరస ముఖ్యం. ముందు ప్లగ్గులు, వైర్లు, డెల్కో క్యాప్, దాని లోపల తిరిగే రోటర్. ఆ తర్వాత గ్యాస్ ఫిల్టర్. రెడ్యూసర్ చివర్న. ఈ వరసలో పోతే ముందు ఖర్చయ్యేవి వందలు. తిరగేసి పోతే ముందే వేలు.

ఇంకో సంగతి. మిస్సింగ్‌ని అలాగే నెట్టుకురావద్దు. గ్యాస్‌ని గాలితో ముందే కలిపి పంపే మిక్సర్ రకం కిట్‌లో ఇన్‌టేక్ దారి పొడవునా గ్యాస్ నిండి ఉంటుంది. స్పార్క్ దారితప్పి పక్క సిలిండర్‌కి వేళకాని వేళ తగిలితే మంట వెనక్కి కొట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బానే పగలగొడుతుంది. సీటు కింద పెద్ద శబ్దంతో అది పేలితే బండిలో ఉన్నవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది.

అపోహ: మీటర్‌లో పాసైతే వైరు మంచిదే.

బాబాయ్ బండి చెప్పింది ఇదే. మీటర్ కొలిచేది కరెంటు పారే లోపలి కోర్‌ని మాత్రమే, పైన ఉన్న రబ్బరుని కాదు. కార్బన్ కోర్ వైరు మీటరు పొడవుకి 10 నుంచి 20 కిలో ఓమ్‌ల దాకా చూపించడం మామూలే. మన బండిలో ఒక్కో వైరు పొడవు ఒక్కోలా ఉంటుంది కాబట్టి అంకెలు సమానంగా రావాలని చూడకండి. పొడవుకి పొంతన లేకుండా ఏదైనా బాగా ఎక్కువ చూపిస్తోందా, వైరు కదిలిస్తుంటే అంకె ఎగిరిపోతోందా అన్నది చూడాలి. అలా ఎగిరిందంటే లోపల కోర్ తెగిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం. రబ్బరు సంగతి తేలాలంటే చీకట్లో చూడటమే.

చీకట్లో చూసేటప్పుడు చెయ్యి దూరంగా ఉంచండి. గ్యాస్ వాసన ఏమాత్రం వచ్చినా ఈ పని ముట్టుకోవద్దు. వాల్వ్ కట్టేసి, తలుపులు తీసి, ముందు లీక్ చూపించుకోండి. నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్ వైరు పీకి బాడీకి దగ్గరగా పెట్టి "కరెంటు వస్తోందా" అని చూసే అలవాటు ఇంకా కొందరికి ఉంది. గ్యాస్ బండి దగ్గర అది మానేయాలి. కాయిల్‌కీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు.

అపోహ: వైరు లావుగా ఉంటే పికప్ పెరుగుతుంది.

పెరగదు. 7 ఎంఎం, 8 ఎంఎం అని రాసేది పై రబ్బరుతో కలిపి మొత్తం మందం. లోపలి కోర్ లావని కాదు. పైగా స్పార్క్‌లో పారే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల వైరులో 50 మిల్లీ ఆంపియర్లు పారితే పడిపోయేది 500 వోల్టులు. కాయిల్ ఇచ్చే వేల వోల్టుల ముందు అది లెక్కలోకి రాదు. ఎర్ర రంగు, పసుపు రంగు లావు వైర్లు వేసుకున్నాక బండి ఎగిరిపోతోందని ఎవరైనా అంటే, వాళ్ల పాత వైర్లు చచ్చిపోయి ఉంటాయి. మామూలు కొత్త వైర్లు వేసినా అంతే తేడా కనిపించేది. లావు వైర్లు పాత క్లిప్పుల్లో పట్టక ఒకదాని మీద ఒకటి పడి ఉండటం కూడా చూశాను. అది కొత్త తలనొప్పి.

అపోహ: కాపర్ కోర్ అయితేనే అసలైన వైరు.

రెసిస్టెన్స్ లేని కాపర్ వైరు వేస్తే రేడియోలో గురగుర వస్తుంది. ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ నడిపే ఇంజెక్టర్లున్న) బండిలో అయితే సెన్సర్ల సిగ్నల్స్‌కే ఇబ్బంది. కంపెనీ రెసిస్టెన్స్ పెట్టింది పొదుపు కోసం కాదు.

అపోహ: కంపెనీ షోరూమ్ సెట్టు తప్ప మిగతావన్నీ చెత్త. లేదా, ఏదైనా ఒకటే, చవకది చాలు.

రెండూ తప్పే. మారుతి జెన్యూన్ పార్ట్స్ సెట్టు దొరికితే కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. పాత మోడల్ కాబట్టి ప్రతిసారీ దొరక్కపోవచ్చు. ప్లగ్గులూ కేబుళ్లూ తయారుచేసే పేరున్న కంపెనీల సెట్టు అంతకంటే తక్కువలో వస్తుంది, మన పనికి అది చాలు. వద్దన్నది పేరూ ఊరూ లేని కవరులో వచ్చే లోకల్ మాల్‌ని. దాని రబ్బరు సీటు కింది వేడికి త్వరగా గట్టిపడుతుంది. వంచితే తెల్లటి గీతలు పడతాయి.

షాపులో నిలబడినప్పుడు ఇవి చూడండి. పాత వైర్లు వెంట తీసుకెళ్లి పొడవు పక్కపక్కన పెట్టి పోల్చండి, మోడల్ మారితే కొలత మారుతుంది. బాక్సు మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, తయారీ నెల ఉండాలి. వైరు మీద కంపెనీ పేరు చెరిగిపోకుండా అచ్చయి ఉండాలి. ప్లగ్ వైపు బూటు, అంటే వైరు చివరి రబ్బరు తొడుగు, మెత్తగా ఉండాలి. సిలికాన్ అయితే వేడికి బాగా తట్టుకుంటుంది, రెండు వందల డిగ్రీల దాకా. టెర్మినల్ పట్టుకుని మెల్లగా లాగితే వైరు జారకూడదు. మీటర్ పెట్టి చూపించమని అడగండి, మంచి షాపువాడు కాదనడు. బిల్లు తీసుకోండి. కాయిల్ వైరు సెట్టులో ఉందో లేదో చూసుకోండి. మూడు వైర్లు మార్చి ఆ ఒక్కదాన్ని పాతదే ఉంచితే అది పాడైనప్పుడు మూడు సిలిండర్లకీ కలిపి మిస్సింగ్ వస్తుంది.

అపోహ: పగిలిన చోట టేపు చుడితే సరిపోతుంది.

ఇంట్లో కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు 600 వోల్టులకు తయారైంది. ఇక్కడ వేలల్లో ఉంటుంది. రోడ్డు మీద ఆగిపోయి ఇంటికి చేరడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మిగతావి గబగబా.

ఇన్ని వేల కిలోమీటర్లకి వైర్లు మార్చాల్సిందే అన్న లెక్కేమీ లేదు. గట్టిపడ్డాయా, పగిలాయా, కొలత తప్పిందా అన్నదే లెక్క. వానాకాలంలోనో, మంచు పడ్డ తెల్లవారుజామునో స్టార్ట్ కాకపోతే పెట్రోల్‌లో నీళ్లు చేరాయని ట్యాంకు దించకండి. ముందు డెల్కో క్యాప్, వైర్లు పొడిగుడ్డతో తుడిచి చూడండి. డీజిల్ మినీ ట్రక్కు యజమానులు కూడా ప్లగ్ వైర్లు అడుగుతున్నారు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, ఉండేది హీటర్ ప్లగ్. ఆ మిస్సింగ్‌కి పంపు, నాజిల్ వైపు చూపించుకోండి.

వైర్లు మీరే మార్చుకుంటే ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టండి. నాలుగూ ఒకేసారి పీకొద్దు. ఒకటి తీసి, దాని చోటే కొత్తది పెట్టి, ఆ తర్వాత రెండోదానికి వెళ్లండి. అప్పుడు ఫైరింగ్ ఆర్డర్ తప్పదు, 1-3-2 గుర్తుపెట్టుకోవాల్సిన పనీ ఉండదు. వైరు పట్టుకుని లాగకుండా బూటు పట్టుకుని కొంచెం తిప్పి తీయండి. పెట్టేటప్పుడు టక్కుమని కూర్చోవాలి, కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. బ్రాకెట్ క్లిప్పులు విరిగిపోయి ఉంటే అవీ కొత్తవి వేయండి. ఒక వైరు ఇంకో వైరుకి గానీ, సైలెన్సర్ పైపుకి గానీ ఆనకూడదు. గ్యాస్ బండి అయితే ప్లగ్ గ్యాప్ పెట్రోల్‌కి చెప్పినదానికంటే కొద్దిగా తక్కువ పెట్టించుకోండి, వైర్ల మీద భారం తగ్గుతుంది.

పాత సెట్టులో కొలతా బాగుండి, చీకట్లో మెరుపూ కనిపించని వైర్లలో పొడవైనది ఒకటి ఉంచుకోండి. అది ఏ సిలిండర్‌కైనా అందుతుంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి స్టెప్నీ దగ్గర పెట్టుకుంటే, రాత్రిపూట హైవే మీద వైరు పోయినా బండి టోయింగ్ లేకుండా ఇంటికి వస్తుంది.