షింజి కనుబొమలు ఎందుకెత్తాడు?

అమ్మలూ, చిన్నోడా,

మీ ఇద్దరి పోట్లాట ఫోన్లో విన్నాను. సెలవుల్లో నా బీరువాలోంచి పట్టుకెళ్ళిన జపాన్ నవల పూర్తయింది, ఇప్పుడు దాని చివరి వాక్యం మీద రగడ. తుఫాను రాత్రి తనని గట్టెక్కించింది తన బలమేనని కథానాయకుడు షింజి అనుకోవడంతో కథ ముగుస్తుంది కదా. "ఓడలో వాడి దగ్గర హత్సుయె ఫొటో ఉంది కదా తాతయ్యా, గండం గట్టెక్కాక అంతా నా బలమే అనుకుంటాడేంటి? అంత పొగరా?" అని అమ్మలు. "ఈత కొట్టింది వాడా, ఫొటోనా?" అని చిన్నోడు. ఇది ఫోన్లో తేలేది కాదు.

మిషిమా యుకియో 1954లో రాసిన ఆ ‘షియోసాయి’ని నేను మీ నాన్న పుట్టకముందు, ఇంగ్లీషులో చదివాను. అప్పట్లో నాకు నచ్చింది ప్రేమ కాదు, ఆ దీవి. ఇసె అఖాతం మొగలో, ఆ కథ నాటికి పద్నాలుగు వందల మంది ఉండే చిన్న దీవి. కథలో దాని పేరు ఉతాజిమా, అంటే పాట దీవి. అసలు దీవి పేరు కమిషిమా. మిషిమా 1952లో గ్రీసు చూసొచ్చాడు, పాతకాలపు గ్రీకు ప్రేమకథ ఒకదాన్ని మనసులో పెట్టుకుని దీన్ని ఈ దీవిలో నాటాడు.

షింజికి పద్దెనిమిదేళ్ళు. తండ్రి యుద్ధంలో పోయాడు. తల్లి సముద్రంలో మునిగి గుల్లలు ఏరుతుంది. వాడు ఆక్టోపస్‌లు పట్టే కుండలు లాగే పడవ మీద పని చేస్తాడు. వాడు మనసిచ్చిన హత్సుయె ఏమో ఓడలున్న తెరుకిచి కూతురు. ఎక్కడా పొంతన లేదు. తండ్రి కలవద్దని కట్టడి చేశాక ఆ పిల్ల ఉత్తరం రాసి నీళ్ళ జాడీ మూత కింద పెడుతుంది, షింజితో పనిచేసే ర్యూజి తెచ్చిస్తాడు. మీ వాట్సాప్ కంటే అదే నయం, కనీసం బ్లూ టిక్కు టెన్షన్ లేదు.

సరే, మీ ప్రశ్న. నాకు ఏడేళ్ళప్పుడు మా చిన్నాన్న దిగుడు బావిలో ఈత నేర్పాడు. మొదట నడుముకి రెండు ఎండు సొరబుర్రలు కట్టాడు. పది రోజులకి అవి తీసేసి కొబ్బరి తాడు కట్టాడు. రెండో కొస మెట్ల మీద కూర్చున్న ఆయన చేతిలో. బావిలో నాచు వాసన, పైన గూళ్ళలో పావురాలు. ఒకరోజు సగం బావి దాటి వెనక్కి చూస్తే చిన్నాన్న బీడీ వెలిగించుకుంటున్నాడు. తాడు చేతిలో లేదు, మెట్టు మీద చుట్ట చుట్టుకుని పడుంది. గుండె జారింది, రెండు గుక్కలు మింగాను, అయినా అవతలి మెట్టు పట్టుకున్నాను.

ఇంటికొస్తే అమ్మ నా మెడలో తాయెత్తు కళ్ళకద్దుకుని "ఇదే కాపాడింది" అంది. చిన్నాన్నేమో "తాడు వదిలేసింది నేను కాబట్టే వచ్చింది" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

షింజి కథా అంతే అనుకోండి. హత్సుయె ఫొటో ఆ తాయెత్తు. తల్లి ఆ సొరబుర్ర. వాడిని పరీక్షించడానికి తన ఓడ ఎక్కించిన తెరుకిచి గట్టు మీద చిన్నాన్న. తుఫాను ఆ బావి. ఎవరైనా గట్టు మీద ఉంటేగానీ దిగం, కానీ చేతులాడించాల్సింది మనమే కదా, అలాగన్నమాట.

ఇక్కడ చిన్నోడు నన్ను పట్టేస్తాడు, నాకు తెలుసు. షింజి నడుముకీ తాడుంది! ఒకినావాలో ఉంతెన్ రేవు దగ్గర, తుఫానులో ఓడని, నీళ్ళ మీద తేలే లంగరు బోయాకి కట్టిన తాడు తెగింది. కొత్త తాడు పట్టుకుని ఈదేదెవరని కెప్టెన్ అడిగితే, హత్సుయెని చేసుకోవాలని తిరిగే యసువొ కదల్లేదు. షింజి నడుముకి తాడు కట్టుకుని దూకాడు. నా తాడు నన్ను లాగడానికి, వాడి తాడు ఓడని నిలబెట్టడానికి. నా పోలిక అక్కడే తెగిపోయింది. పోనీలెండి, ఇంత దూరం వచ్చింది.

ఒక్క మాట. మీరిద్దరూ చియొకొ ఊసే ఎత్తలేదు. దీపస్తంభం కాపరి కూతురు, టోక్యోలో చదువుకుంటూ, నేను అందంగా లేనని కుమిలిపోయే పిల్ల. అసూయతో ఆమె అన్న మాటే ఊరంతా పాకి షింజిని, హత్సుయెని విడదీసింది. ఆ తర్వాత తప్పు నాదేనని తన తల్లికి ఉత్తరం రాస్తుంది. తుఫానులో దూకడం ఒక ఎత్తు, ఆ ఉత్తరం రాయడం ఒక ఎత్తు. నా లెక్కలో కథ మొత్తంలో ఎక్కువ ఎదిగింది ఆమే. మీరూ ఎవరికైనా అలాంటి ఉత్తరం బాకీ ఉంటే, పరీక్షలయ్యాక అని వాయిదా వెయ్యకండి.

ఇక పొగరు సంగతి. హత్సుయె కళ్ళల్లో తన ఫొటోయే కాపాడిందన్న గర్వం, షింజి మనసులో తన బలమేనన్న ధీమా. అమ్మలూ, మళ్ళీ ఆ పేజీ తియ్యి. ఆ మాట వాడు పైకి అన్నాడా, కనుబొమలు మాత్రం ఎత్తాడా చూడు. చిన్నోడా, నువ్వు వెళ్ళే స్విమ్మింగ్ పూల్‌లో తొలిసారి గోడ వదిలే చిన్నపిల్లల్ని గమనించు. అవతలి గట్టు పట్టుకున్నాక మొదట ఎటు చూస్తారో.

చూసి, ఆదివారం ఇద్దరూ ఫోన్ చెయ్యండి.

మీ
తాతయ్య