పోటీ గెలిచిన కారు వేరు, మీరు నడిపే కారు వేరు

విశ్వవిద్యాలయ రోబోటిక్స్ బృందంతో కలిసి డ్రైవర్ లేని వాహనాల మీద పనిచేస్తున్నాను. ప్రదర్శనలో స్టీరింగ్ తనంతట తాను తిరగడం చూడగానే చుట్టూ చేరినవాళ్లు అనే మాట ఒకటే: "ఇంకేముంది, వచ్చేసినట్టే కదా!" అక్కడితో ఆగితే బాగుండును. కొందరు ఆ నమ్మకాన్ని తమ కారులోకి తీసుకెళ్తున్నారు.

అపోహ: విద్యార్థులు చేసిన కారే మనిషి లేకుండా అంత దూరం వెళ్లింది. కంపెనీ కారులో కాసేపు ఫోను చూసుకుంటే తప్పేమిటి?

వాస్తవం: ప్రాణాల మీదికి తెచ్చేది ఈ అపోహే. 2005 అక్టోబరు 8న అమెరికాలోని మొజావే ఎడారిలో, ఆ దేశ రక్షణ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని వాహనాలకు పెట్టిన పోటీలో స్టాన్‌ఫర్డ్ బృందం కారు స్టాన్లీ 212 కిలోమీటర్లు 7 గంటల లోపే పూర్తిచేసి 20 లక్షల డాలర్లు గెలిచింది. 2004లో ఇదే పోటీలో అందరికంటే ఎక్కువ దూరం వెళ్లిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ వాహనం 12 కిలోమీటర్లయినా దాటలేదు. కాబట్టి స్టాన్లీది ముమ్మాటికీ గొప్ప విజయమే. కానీ అది నడిచిన దారిలో సాధారణ వాహనాలు లేవు. ఎక్కడ ఎటు వెళ్లాలో, ఎంత వేగం మించకూడదో జీపీఎస్ బిందువులతో సహా ముందే ఫైలులో ఇచ్చారు. దూరం నుంచే కారును ఆపేసే ఏర్పాటుతో వెనకే మరో వాహనం నడిచింది.

2007లో కార్నెగీ మెలన్ వారి కారు 'బాస్' గెలిచిన డార్పా పోటీలో కూడళ్లు, ఇతర వాహనాలు ఉన్న మాట నిజమే. అయితే అది జరిగింది కాలిఫోర్నియాలోని విక్టర్‌విల్‌లో, మూతపడిన వైమానిక స్థావరంలో. పాదచారులు లేరు, సిగ్నల్ దీపాలు లేవు. అయినా ఎంఐటీ, కార్నెల్ కార్లు ఢీకొన్నాయి.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1995లో కార్నెగీ మెలన్ పరిశోధకుల వాహనం అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి పశ్చిమ తీరంలోని శాన్ డియెగో దాకా వెళ్లింది. సుమారు 4,600 కిలోమీటర్ల దారిలో 98.2 శాతం స్టీరింగ్ పని యంత్రానిదే, బ్రేకు, యాక్సిలరేటర్ మాత్రం మనిషివి. మిగిలిన 1.8 శాతం అంటే 80 కిలోమీటర్ల పైమాటే. ఆ 80 కిలోమీటర్లు ఎప్పుడు ఎదురవుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. మీ కారులోని వ్యవస్థ లెవల్ 2 అయితే, అంటే స్టీరింగ్‌కూ వేగానికీ సాయం మాత్రమే చేసేదైతే, చూపు రోడ్డు మీదే ఉంచాల్సింది మీరు. పేరు ఎంత ఘనంగా పెట్టినా ఈ బాధ్యత మారదు. కొనేటప్పుడు ముందు ఆ లెవల్ సంగతి అడగండి.

మా పరీక్షల్లో నిన్నటిదాకా గీత తప్పని వాహనం ఓ ఉదయం మలుపు దగ్గర తడబడింది. సాఫ్ట్‌వేర్ అదే, దారీ అదే. ఎండ వాలుగా వచ్చి కెమెరాలో పడింది, తెల్ల గీతలు ఆ వెలుగులో కలిసిపోయాయి. అవసరమైతే కారును చేతిలోకి తీసుకోవడానికి లోపల కూర్చునే సేఫ్టీ డ్రైవర్ చేతులు స్టీరింగ్‌కు దగ్గరగానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అపోహ: ఖరీదైన లైడార్ (లేజర్ కాంతితో దూరాలు కొలిచే పరికరం) కొంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. స్టాన్లీ లేజర్లు దగ్గరి నేలనే నమ్మకంగా చూడగలిగేవి. ఆ నేల రంగును కెమెరాకు నేర్పించి, దూరాన ఉన్న దారిని గుర్తుపట్టేలా చేశారు. గెలిపించింది ఆ ఆలోచన.

అపోహ: ఇది కంప్యూటర్ విభాగం పిల్లల పని.

వాస్తవం: 2007లో బయలుదేరే చోట పెట్టిన పెద్ద టీవీ తెర వల్ల బాస్ జీపీఎస్‌కే అంతరాయం కలిగింది. 2005లో ముందంజలో ఉన్న కార్నెగీ మెలన్ వాహనం హైలాండర్ ఇంజన్ శక్తి తగ్గి మూడో స్థానానికి పడిపోయింది. అందుకు కారణం ఒక చిన్న ఫిల్టర్ అని 2017లో గానీ తేలలేదు. వైరింగు, ఇంజన్ తెలిసినవాళ్లు లేని బృందం మొదటి కుదుపుకే ఆగిపోతుంది.

ఇక తల్లిదండ్రుల భయం. "మా అమ్మాయిని ఆ కారు ముందు నిలబెట్టి పరీక్షిస్తారట కదా" అని ఒకావిడ ఫోనులో వణుకుతూ అడిగారు. ఎవరో పుట్టించిన పుకారు ఆమెకు నిద్ర లేకుండా చేసింది. అలా ఎవరినీ నిలబెట్టమమ్మా. మనిషి బదులు బొమ్మను పెడతాం. లోపల సేఫ్టీ డ్రైవర్ ఉంటారు, బయట ఒకరి చేతిలో ఎమర్జెన్సీ స్టాప్ ఉంటుంది. ఆ స్విచ్ పనిచేస్తోందని చూసుకున్నాకే ఆ రోజు వాహనం కదులుతుంది. వచ్చి చూడమన్నాను. వచ్చారు, ఆ స్విచ్ తానే నొక్కి కారు ఆగడం చూసి వెళ్లారు.